నడచువారి నక్షా



వికలాంగుడైన ఒక మనుష్యుడు ప్రభుత్వ సహాయమును కోరి సదరం శిబిరమునకు పోయినపుడు, అచ్చటి వైద్యులు అతని కాలినో కంటినో చెవినో పరీక్షించి, లోపమెంతయో శాతములలో లెక్కగట్టి, ఆ లెక్క 40 శాతమునకు తక్కువ కాకున్నచో ధ్రువపత్రము నిత్తురు. పింఛనునకును, బస్సు పాసునకును, చదువులందును ఉద్యోగములందును గల రిజర్వేషనునకును ఆ పత్రమే ఆధారము. ఇది కావలసిన పనియే. దీనిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అయితే ఆ పత్రమును చేతబట్టుకొని అతడు పింఛను కొరకు తపాలా కార్యాలయమునకు ఏ దారిని పోవలసియున్నదో, ఆ దారియందు ఎచ్చట గుంత యున్నదో, ఎచ్చట మోరీమీది బండ విరిగియున్నదో, ఎచ్చట కరెంటు స్తంభము అడ్డుగా నిలిచియున్నదో ఏ శిబిరమునందును ఎవ్వరును లెక్కగట్టి యుండలేదు. మనిషి వైకల్యమునకు దాఖలా యున్నది. దారి వైకల్యమునకు దాఖలా లేదు. నేటి ప్రసంగమునందు నేను మీతో ముచ్చటింపదలచినది ఆ రెండవ దాఖలాను గురించియే. అనగా నడచువారి దారులను అడుగడుగున పరిశీలించి, కొలిచి, నక్షాగా గీయుటను గురించి.

నా మాటలకు ఆధారముగా మిరుదొడ్డిని తీసికొనుచున్నాను. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడువరకు మెదకు జిల్లాలో భాగముగా నుండినట్టియు, దుబ్బాక, తొగుట, దౌల్తాబాదు మండలములు ఇరుగుపొరుగుగా గలట్టియు మండల కేంద్రమిది. కాలిబాటల ప్రసక్తి వచ్చినపుడెల్ల మన పత్రికలు హైదరాబాదు నగరపు కూడళ్ళను గురించియే వ్రాయుచుండుటచేత, ఊళ్ళలో నడచువారికిని ఒక కష్టము కలదను సంగతి చర్చకే రాకున్నది. మండల కేంద్రమనగా చుట్టుపట్ల పల్లెలనుండి తహసీలు కచేరికి, బ్యాంకునకు, ఆసుపత్రికి, ఉన్నత పాఠశాలకు, అంగడికి జనము నిత్యము వచ్చిపోవు స్థలము. బస్సు దిగినది మొదలు మరల బస్సెక్కువరకు వారిలో పెక్కుమంది కాలినడకనే తిరుగుదురు.

ఆ నడచువారెవరో ఒకసారి తలచుకొందము. ఈ సీమలో బీడీలు చుట్టి సంసారములను నెట్టుకొని వచ్చు స్త్రీలు వేలసంఖ్యలో నున్నారు. దినమంతయు చేటను ఒడిలో బెట్టుకొని వంగి కూర్చుండుటచేత నడుములును మోకాళ్ళును పట్టుకొనిపోయిన ఆ తల్లులు, చుట్టిన కట్టలను గంపకెత్తుకొని కార్ఖానాకు పోవునపుడు, ఎత్తైన ఒక్క మెట్టును ఎక్కుటకు గోడను పట్టుకొని క్షణమాగి ఊపిరి పీల్చుకొందురు. వారిలో పెక్కుమందికి సదరం పత్రము లేదు. ఏ లెక్కలోను వారు వికలాంగులు కారు. నెలలు నిండిన చూలాలును, కంటికి పొర కమ్మిన వృద్ధుడును, వీపున పుస్తకముల మోతతో పోవు బడిపిల్లయు ఆ కోవలోని వారే. 2011 జనాభా లెక్కలు దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారని తేల్చినవి. మంచి దారి అక్కరగలవారి సంఖ్యలో అది కొంత భాగము మాత్రమే.

ఇక దారిని చూతము. మన మండల కేంద్రములలో పెద్దరోడ్డు ఎట్లుండునో మీరెరిగినదే. నడుమ తారు, తారునకు ఇరుప్రక్కల మొరము పోసిన అంచు, దాని కావల మోరీ, మోరీకావల దుకాణముల మెట్లు. తారు పాడయినపుడెల్ల పాతదాని మీదనే కొత్తపొర వేయుచుండుటచేత రోడ్డు నానాటికి పైకి లేచును. మొరము వానలకు కోసుకొనిపోయి కిందికి దిగును. కొన్నేండ్లకు తారు అంచు ఒకచోట బెత్తెడు, ఒకచోట జానెడు గట్టుగా నిలుచును. మూడుచక్రముల బండిమీద పోవు మనుష్యుడు, వెనుకనుండి లారీ హారను మ్రోగించినపుడు ఆ గట్టు దిగలేడు. తెగించి దిగెనా, మరల ఎక్కలేడు. మోరీమీది బండలు కొంతదూరము వరుసగా సాగి కాలిబాటవలె ఆశ గొలిపిన పిమ్మట, ఉన్నట్టుండి ఒక బండ లేకపోవును. దానిని దాటినంతనే ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎదురగును. దానిని చుట్టి పోవలెనన్న తారుమీదికి రాక తప్పదు. ఆ వెనుక దుకాణపు మెట్టు, మెట్టు ముందు మోటారు సైకిళ్ళు, వానిప్రక్కన ఫ్లెక్సీ కట్టిన కొయ్యలు. చూపు లేనివానికి వీటన్నిటికంటె ఎక్కువ ప్రమాదకరమైనది దుకాణముల ముందు దించిన రేకుల చూరు. అతని చేతికర్ర నేలమీదనున్న రాతిని కనిపెట్టగలదు గాని, నుదుటి యెత్తున వ్రేలాడు రేకు అంచును కనిపెట్టజాలదు.

వానకాలపు పంటయు యాసంగి పంటయు చేతికి వచ్చు దినములలో ఇంకొక అడ్డంకి తోడగును. కల్లములు చాలక రైతులు వడ్లను, మక్కలను రోడ్డుమీదనే ఆరబోసి, వాహనములు తొక్కకుండ చుట్టును రాళ్ళు పేర్చి, రాత్రులందు నల్లని కవర్లు కప్పుదురు. చీకటిలో నల్లని తారుమీద నల్లని కవరు ఎవరికి కనబడును? కాలిబాట లేని రోడ్డుమీద, ఎదురుగా వచ్చు బండ్లు కంటబడునట్లు, కుడిప్రక్కన నడువవలెనని పిల్లలకు బడిలో నేర్పుదుము. ఆ కుడిప్రక్కననే వడ్లు పోసియున్నచో పిల్లవాడు ఏ ప్రక్కకు పోవలెను? ఇందుకు రైతును నిందించుట న్యాయము కాదు. అతనికి కల్లము లేదు, వాన ముంచుకొని వచ్చుచున్నది, వడ్లలో తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రమున తూకము వేయరు. కాని ఏ నెలలలో రోడ్డునందలి ఏ భాగము ఇట్లు మూసుకొనిపోవునో నక్షాలో ఎక్కినచో, ఊరుమ్మడి కల్లము ఎచ్చట కట్టవలెనో చెప్పుటకు వేరొక విచారణ అక్కరలేదు.

మన గ్రామములకు నక్షాలు లేవా యని కొందరడుగవచ్చును. ఉన్నవి. నిజాము కాలపు సర్వేలనుండి వచ్చిన గ్రామ నక్షాలలో సర్వే నంబర్లు, చెరువులు, వాగులు, బండ్లబాటలు మాత్రమేగాక, పొలముల నడుమ సాగు కాలిబాటలు సైతము తునుకల గీతలతో చూపబడియుండును. శిస్తు వసూలు కొరకు గీచిన పటమైనను, పొలమునకు పోవు మనిషి దారి అందు మరువబడలేదు. బాటను ఎవరైన దున్ని కలుపుకొన్నచో నేటికిని జనము ఆ గీతను చూపియే తగవునకు నిలుతురు. విచిత్రమేమనగా, ఇండ్లున్న భాగము, అనగా గ్రామకంఠము, ఆ నక్షాలో ఖాళీగా విడువబడినది. శిస్తు పుట్టని నేల గనుక దానిలోని గల్లీలను కొలిచి గీయవలసిన పని ఆనాటివారికి కలుగలేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము గ్రామకంఠములను డ్రోనులతో కొలుచుటకు పూనుకొన్నది. అయితే దాని ఉద్దేశము ఇండ్ల హద్దులును ఆస్తిపత్రములును. ఇంటి హద్దు తేలుట మేలే, కాని ఆ ఇంటి గడప దాటిన అవ్వ ఆసుపత్రికి ఎట్లు చేరునో డ్రోను చిత్రము చెప్పదు. పైనుండి చూచినపుడు జానెడు గట్టును చదునైన నేలయు ఒక్కతీరుగనే కనబడును.

సూక్ష్మముగా కొలుచుట మన దేశమునకు కొత్త విద్య కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచి, వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, 1912 మొదలు 1915 వరకు లియోనార్డ్ మున్ ఆధ్వర్యమున నగరము వీధివీధిగా కొలువబడి, ఇండ్ల గోడలును బావులును గల్లీలును కనబడునంత పెద్ద కొలమానమున పటములు సిద్ధమైనవి. 1912లోనే నగరాభివృద్ధి మండలియు ఏర్పడెను. నేటికిని ఆ నగర చరిత్రను శోధించువారు మున్ పటములను విప్పియే మొదలుపెట్టుదురు. ఊరంతటిని కుదిపిన విపత్తు వచ్చుటచేత ఆనాడు ఆ శ్రద్ధ మేల్కొన్నదని నా అభిప్రాయము. నడచువారి విపత్తు ఒక్కనాటి వరదగా రాదు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, అందు 32,825 మంది కాలినడకన పోవుచుండినవారని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖయే లెక్క ప్రకటించినది. అనగా దినమునకు సుమారు 90 మంది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరిలో, ఒక్కొక్క మలుపులో పోవుచుండుటచేత ఆ మరణములు మనకు విడివిడి దురదృష్టములుగా తోచునేగాని, ఒక్క విపత్తుగా తోచవు. దారుల నక్షా లేకుండుట ఇందుకు కొంత కారణము. ఒకే మలుపులో మూడేండ్లలో ముగ్గురు పడిపోయినను, ఆ మూడు సంఘటనలను ఒక్కచోట చూపు కాగితము లేనపుడు లోపము మలుపునందున్నదని ఎవరికి తెలియును?

ఇక చట్టము సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. రాకపోకలును కట్టడములును అందరికి అందుబాటులో నుండవలెనని అది శాసించుచున్నను, ఆ చట్టము క్రింద చేసిన నియమములు సలహాల స్థాయిని దాటలేదు. రాజీవ్ రతూరి వ్యాజ్యమునందు 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఈ విషయమున తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణములు ఉండితీరవలెనని నిర్ణయించెను. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదునందలి నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమని చెప్పుకొనుటకు నాకు గర్వముగా నున్నది. మరల 2025 మే 14న, కోయంబత్తూరు ఎముకల వైద్యులు డాక్టరు ఎస్. రాజశేఖరన్ వేసిన వ్యాజ్యమునందు, అడ్డంకులు లేని కాలిబాట పొందుట రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది జీవించు హక్కులోని భాగమని అదే న్యాయస్థానము స్పష్టపరచెను. హక్కు ఢిల్లీలో ప్రకటింపబడినది; అది మిరుదొడ్డి మోరీబండలవరకు దిగివచ్చుటకు నడుమ కావలసిన మెట్టు కొలత. లేనిది ఏదో, ఎచ్చటనో, ఎంతయో వ్రాసియుంచనిదే ఏ అధికారియు ఏ అంచనాను తయారుచేయజాలడు.

కొలుచుట ఎట్లు? కష్టమైన విద్య కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన పాదచారుల మార్గదర్శకములు కాలిబాటకు కనీసము 1.8 మీటర్ల ఖాళీ వెడల్పును, తలకు తగులకుండ 2.2 మీటర్ల ఖాళీ యెత్తును చెప్పుచున్నవి. అంచు 150 మిల్లీమీటర్లకు మించరాదనియు, వాలు కట్టునపుడు అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవుండవలెననియు వానిలో గలదు. ఈ నాలుగు కొలతలను నోటుబుక్కు మొదటి పుటలో వ్రాసికొని, ఒక టేపును, మేస్త్రీ రసమట్టమును, ఒక సెల్‌ఫోనును తీసికొని బయలుదేరవలెను. బస్సు దిగు చోటునుండి ఆసుపత్రి గుమ్మము వరకు, రోడ్డునకు ఒకప్రక్కను ముగించి రెండవప్రక్కన తిరిగి రావలెను. వెడల్పు ఎచ్చట మారునో అచ్చట ఆగి కొలువవలెను. మెట్టు ఎదురైనచో ఎత్తు వ్రాయవలెను. బండమీద కాలుపెట్టి అది కదలుచున్నదో లేదో చూడవలెను. వీధిదీపము వెలుగునా లేదా యని చీకటిపడిన వెనుక మరొకమారు పోవలెను. వాన వెలిసిన మరునాడు నీరు ఎచ్చట నిలిచియున్నదో గుర్తింపవలెను. ఇవన్నియు పదవతరగతి పిల్లలు నిస్సందేహముగా చేయగల పనులు.

అయితే ఒక్క నియమమును ఎన్నడును విడువరాదు. నక్షా గీయువారు తమలో తామే పోరాదు. మూడుచక్రముల బండివానిని, చేతికర్ర పట్టిన చూపులేని మనిషిని, మోకాళ్ళ నొప్పుల బీడీకార్మికురాలిని బ్రతిమాలి వెంటబెట్టుకొని, వారి వెనుక నడువవలెను. ఆరోగ్యవంతుని కాలు బెత్తెడు గట్టును గమనింపకయే దాటిపోవును. దాటిన సంగతియు అతనికి గుర్తుండదు. బండిచక్రము ఆగినచోట, కర్ర తడబడినచోట, ఆ తల్లి నిలిచి గోడను పట్టుకొన్నచోట మాత్రమే నిజమైన గుర్తు పెట్టవలెను. వారు ఏ వీధిని విడిచి ఏ వీధిని చుట్టుతిరిగి పోవుచున్నారో అడిగి వ్రాసికొనవలెను. దూరమైనను ఆ చుట్టుదారిని ఎంచుకొనుటకు వారికొక బలమైన కారణముండును.

వ్రాసికొన్నదానిని ఎచ్చట ఉంచవలెనను ప్రశ్నకు సమాధానము సిద్ధముగనే యున్నది. 2004లో ఇంగ్లండునందు స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రపంచపటమును ఎవరైనను ఉచితముగా చూడవచ్చును, ఎవరైనను సరిదిద్దవచ్చును. రోడ్డునకు కాలిబాట కుడిప్రక్కన నున్నదా, ఎడమప్రక్కన నున్నదా, రెండుప్రక్కల నున్నదా, అసలు లేదా యను వివరమును, నేల ఎటువంటిది, వెడల్పెంత, అంచు ఎత్తైనదా చదునైనదా యను వివరములను చేర్చుటకు అందు ఏర్పాటు కలదు. స్ట్రీట్‌కంప్లీట్ అను ఫోను సాధనము దారిలో నిలిచిన మనిషిని ఈ ప్రశ్నలనే ఒక్కొక్కటిగా అడుగుచుండును. ఇందులో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది, 'లేదు' అని వ్రాయు అవకాశము. పటమునందు ఏమియు వ్రాయకున్నచో ఆ వీధిని ఎవరును చూడలేదని అర్థము. 'లేదు' అని వ్రాసినచో చూచి, కొలిచి, లేదని నిర్ధారించితిమని అర్థము. కాలిబాటయే లేని ఊరిలో కాలిబాటల పటమేమిటని చులకనగా మాట్లాడువారికి ఇదియే నా జవాబు. లేమిని నమోదు చేయుటయే అచ్చటి మొదటి పని.

ఇతర దేశములలో ఈ పని చాల దూరము సాగినది. బెర్లిను నగరమునందు 2010లో మొదలైన వీల్‌మ్యాప్, చక్రముల కుర్చీ పోగల స్థలములను ఆకుపచ్చ రంగున, పోలేని స్థలములను ఎరుపు రంగున చూపును. అమెరికాయందు 2012లో ఆరంభమైన ప్రాజెక్ట్ సైడ్‌వాక్ వీధుల చిత్రములను స్వచ్ఛంద సేవకులకు చూపి, వాలు లేని మలుపులను, విరిగిన పలకలను గుర్తింపజేయుచున్నది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు టాస్కర్ కేంద్రమువారి యాక్సెస్‌మ్యాప్ ఇంకొక అడుగు ముందుకు వేసి, నీవు ఎంత ఏటవాలును ఎక్కగలవని అడిగి, నీ శక్తికి తగిన దారినే చూపును. వీనిని యథాతథముగా మన ఊళ్ళకు తెచ్చుకొనుట కుదురదు. గూగుల్‌వారి వీధిచిత్రములు 2022 జూలైలో మన దేశమునకు వచ్చినపుడు హైదరాబాదుతో కూడ పది నగరములతోనే ఆరంభమైనవి. పైగా ఏ చిత్రమైనను బండ కదలుచున్నదని చెప్పజాలదు. మనకు కాళ్ళును టేపును తప్ప గత్యంతరము లేదు. అందుచేత కొలత మరింత నమ్మదగినదిగా నుండగలదని నా విశ్వాసము.

కొలువక చేసిన ఏర్పాటు ఎట్లగునో ఒక ఉదాహరణమున చూతము. అంధుల కొరకు నేలమీద పరచు ఉబ్బెత్తు పలకలను మీరు రైల్వేస్టేషనులలో చూచియుందురు. జపానునందు సెయిచి మియాకె యను నతడు 1965లో వానిని కనిపెట్టి, 1967 మార్చి 18న ఒకయామా నగరమున అంధుల పాఠశాల సమీపమున మొదటిసారి పరపించెను. నేడవి ప్రపంచమంతట నున్నవి. మన నగరములలో కూడ వానిని పరచుచున్నారు. కాని ఆ పసుపుపచ్చ పలకల వరుస నేరుగా పోయి చెట్టుమొదలునో, స్తంభమునో ఢీకొని ముగియుట నేను పెక్కుచోట్ల చూచితిని. చూపులేని మనిషి ఆ పలకలను నమ్మి నడచును. పటము గీయకుండ, అతనిని అడుగకుండ పరచిన పలక అతనిని మోసగించును.

మరియొక సంగతిని గట్టిగా చెప్పవలసియున్నది. రోడ్డుప్రక్కన గంపలో కూరగాయలు పెట్టుకొని కూర్చున్న అమ్మను, మిర్చీబండివానిని, చెప్పులు కుట్టువానిని లేవగొట్టుటకు ఈ నక్షా సాధనము కారాదు. పట్టణములలోని వీధివ్యాపారుల జీవనోపాధికి 2014లో పార్లమెంటు చట్టమే చేసినది. పల్లెలలోని వారి బ్రతుకు అంతకంటె చౌక కాదు. నీడయున్నచోట, నలుగురు మసలుచోట వారు కూర్చుందురు. వారుండుట చేతనే సాయంకాలము ఒంటరిగా పోవు ఆడపిల్లకు ఆ దారి ధైర్యమునిచ్చును. వారెచ్చట కూర్చుందురో నక్షాలో చూపి, వారి ముందునుండి చక్రముల బండి పోవుటకు చాలినంత చోటు మిగులునట్లు గీత గీసిన చాలును.

నక్షా సిద్ధమైన పిమ్మట బయటపడు పనులలో చాలభాగము చిన్నవియే. విరిగిన బండకు మారుబండ; తారు అంచు వెంట మొరము పోసి రోలరు త్రొక్కించుట; ఆసుపత్రి మెట్ల ప్రక్కన సిమెంటు వాలు; ఆరిపోయిన దీపము; పైకెత్తవలసిన రేకు. రోడ్డు వెడల్పు చేయుటకు ఉత్సాహపడు మనము, వెడల్పైన రోడ్డుమీద బండ్ల వేగము పెరుగునని మరచుచున్నాము. సగటు వేగము ఒక్క శాతము పెరిగినచో ప్రాణాంతక ప్రమాదముల ముప్పు నాలుగు శాతము పెరుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పారిశుధ్యమునకు, వీధిదీపములకు, మొక్కల పెంపకమునకు, పనులకు ప్రతి పంచాయతీలో స్థాయీసంఘములను ఏర్పరచినది. మోరీ ఒకరిది, దీపము ఒకరిది, చెట్టు ఒకరిది. ఆ మూటి నడుమ నడుచు మనిషి ఎవరి బాధ్యతయో తెలియని స్థితి తొలగవలెనన్న, ఆ సంఘములన్నియు ఒక్క నక్షాను ముందుంచుకొని కూర్చుండవలెను.

ఉపాధ్యాయులకు, యువజన సంఘములవారికి, మహిళా సంఘముల అక్కలకు నా మనవి యిది. మీ ఊరిలో బస్సు దిగు చోటునుండి ఆసుపత్రి గుమ్మము వరకు గల ఒక్క దారినే మొదట కొలువుడు. ఆ దారిలో కష్టపడి నడుచువారిని వెంటబెట్టుకొని కొలువుడు. ఏ మలుపులో ఎంత గట్టున్నదో, ఎన్ని బండలు లేవో ఒక కాగితముమీద తేదీతో వ్రాసి, రాబోవు గ్రామసభలో సర్పంచిగారి చేతికిచ్చి, తీర్మానముల పుస్తకములో ఎక్కించువరకు అచ్చటనుండి లేవకుడు.